మునిగినా దాహమే!

శ్రీరంగాపూర్ వెళ్లినవాళ్లు ముందు రంగనాయకస్వామిని దర్శించుకుంటారు. బయటికొచ్చి, గుడిని ఆనుకుని ఉన్న రంగసముద్రం చూసి 'అబ్బ, ఎన్ని నీళ్లో!' అనుకుంటారు. వనపర్తి సంస్థానంలో చెరువుల పేర్లు గమనించారా? రంగసముద్రం, శంకరసముద్రం... అసలు సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన ఉన్న మెట్ట ప్రాంతంలో చెరువులకు సముద్రాలని పేర్లు! గొప్పలు పోయారనుకోకండి. నాలుగు నెలలు కురిసే వానతో పన్నెండు నెలలు బతకాల్సిన వాళ్లకు నిండిన చెరువు సముద్రంతో సమానమే.

ఆ నాలుగు నెలల లెక్కే ఇప్పుడు తప్పుతోంది. 2009నే తీసుకోండి. ఆ ఏడాది నైరుతి రుతుపవనాలు దేశం మొత్తం మీద 22 శాతం తక్కువ వర్షం ఇచ్చాయి. కరువు తప్పదని అందరూ దిగులుపడ్డారు. తీరా అక్టోబర్ మొదట్లో కృష్ణా, తుంగభద్ర పొంగి కర్నూలునూ, అలంపూర్‌నూ ముంచేశాయి. కరువూ వరదా ఒకే ఏడాదిలో! వాతావరణ మార్పు అంటే ఎండలు పెరగడం ఒక్కటే కాదు. రావాల్సినప్పుడు రాని వాన, వచ్చినప్పుడు నాలుగు రోజుల్లోనే కుమ్మరించి పోవడం కూడా.

దీనికీ మన వంటింటి కుళాయికీ సంబంధం ఏమిటంటారా? చాలా ఉంది.

2016లో మిషన్ భగీరథ మొదలైంది. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో చాలా ఊళ్లకు కొల్లాపూర్ దగ్గరి ఎల్లూరు నుంచి కృష్ణా నీళ్లు రావడం మొదలైంది. బిందెలు పట్టుకుని బోరింగుల చుట్టూ తిరిగిన ఆడవాళ్లకు అది ఎంత ఊరటో వేరే చెప్పాలా? కానీ 2020 అక్టోబర్‌లో ఏం జరిగిందో గుర్తుందా? శ్రీశైలం జలాశయం నిండుకుండలా ఉన్న రోజులవి. కల్వకుర్తి ఎత్తిపోతల పథకంలోని ఎల్లూరు పంప్‌హౌస్ నీట మునిగింది. మోటార్లు ఆగిపోయాయి. తాగునీటికీ ఆ ఎల్లూరు జలాశయమే ఆధారం కావడంతో కుళాయిల మీదా ఆ దెబ్బ పడింది. ఎదురుగా కృష్ణమ్మ, గొంతులో దాహం!

నీళ్లు లేక దాహం వేయడం మనకు తెలుసు. నీళ్లు ఎక్కువై దాహం వేయడం కొత్త పాఠం.

మన పెద్దలకు ఈ పాఠం తెలియకపోలేదు. చెరువు తవ్వినప్పుడు తూముతో పాటు అలుగూ కట్టారు. తూము కరువు రోజులకు, అలుగు వరద రోజులకు. పై చెరువు నిండితే కింది చెరువుకు నీళ్లు వెళ్లేలా గొలుసు కట్టారు. ఒకటి ఎండినా ఇంకోటి ఆదుకునేది. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎంత ఎత్తాలో చూసుకోవడానికి నీరటి ఉండేవాడు. 1908లో మూసీ వరద హైదరాబాద్‌ను ఊడ్చేశాక విశ్వేశ్వరయ్య సలహా మేరకు కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లు కూడా అంతే. వరదను ఆపడానికి కట్టినవే నగరానికి తాగునీళ్లూ ఇచ్చాయి.

అయితే కట్టి వదిలేస్తే చాలదు. వనపర్తి రాజావారు తలపెట్టిన సరళాసాగర్‌కు ఆటోమేటిక్ సైఫన్లు ఉన్నాయి. నీరు మట్టానికి చేరగానే మనిషి చెయ్యి పడకుండానే అవి తెరుచుకుంటాయి. 1959లో అదో అద్భుతం. అలాంటి ప్రాజెక్టు మట్టికట్టే 2019 డిసెంబర్ 31న తెగిపోయింది. అదీ వానాకాలం దాటిపోయాక! కట్టను ఏటా చూసుకునే కన్ను లేకపోతే ఎంత తెలివైన యంత్రమైనా కాపాడలేదు.

మరి నీటి సరఫరా శాఖలు చేయాల్సిందేమిటి? బ్రహ్మవిద్యేం కాదు. ఒకే వనరు మీద ఆధారపడకుండా రెండోది సిద్ధంగా ఉంచుకోవడం. మోటార్లనూ, కరెంటు ప్యానెళ్లనూ వరద మట్టానికి పైన పెట్టడం. కరెంటు పోతే జనరేటర్. వరదలో బురదనీళ్లు వస్తే శుద్ధి చేయడానికి సరిపడా పటిక, క్లోరిన్ నిల్వ. పైపుల లీకేజీలు అరికట్టడం. 2024 వేసవిలో నాగార్జునసాగర్ మట్టం పడిపోతే హైదరాబాద్ జలమండలి అత్యవసర పంపింగ్‌తో నీళ్లు తోడాల్సి వచ్చింది. ఆ ఏర్పాటు ఉండబట్టి గండం గడిచింది.

జనం చేయాల్సిందీ ఉంది. 2018లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో మనిషికి రోజుకు 50 లీటర్లే అని హద్దు పెట్టారు. జనం సహకరించారు కాబట్టి కుళాయిలు కట్టేసే రోజు రాలేదు. మనమేమో ట్యాంకు నిండి పొర్లుతున్నా సీరియల్ అయ్యేదాకా మోటారు కట్టేయం!

ఊళ్లో కుళాయి వచ్చిందని పాత చేదబావిని చెత్తకుండీ చేసేశాం. చెరువు కాల్వల్లో ప్లాట్లు వేసేశాం. ఎల్లూరులో మోటారు ఆగిన రోజున మనల్ని ఆదుకోవాల్సినవి ఆ బావీ, ఆ చెరువే కదా! ఈసారి గ్రామసభలో ఒక్క ప్రశ్న అడగండి: 'భగీరథ నీళ్లు వారం రోజులు రాకపోతే మనం ఏం తాగుతాం?' జవాబు దొరికితే సంతోషం. దొరక్కపోతే ఆ పని ఇవాళే మొదలుపెట్టించండి. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం ఎలాగూ కుదరదు. కనీసం ఉన్న బావినైనా పూడ్చకుండా ఉందాం.