తీవ్రత రాయని కేస్‌షీట్

ఐసీయూలో రోగి ఎన్ని రోజులున్నాడో బిల్లు చూస్తే తెలిసిపోతుంది. చేరిన రోజున అతడి ప్రాణం ఎంత ప్రమాదంలో ఉందన్నది మాత్రం కుటుంబం చేతికొచ్చే కాగితాల్లో సాధారణంగా కనిపించదు. ఈ దాపరికం ఇక చెల్లదు.

తీవ్రతను కొలిచే ‘అపాచీ-2’ స్కోరు 1985 నుంచీ ఉంది. తొలి 24 గంటల్లో రక్తపోటు, ఊపిరి వేగం, క్రియాటినిన్ వంటి 12 కొలతలు ఎంత దిగజారాయో చూసి, వయసునూ పాత జబ్బులనూ కలిపి 71 దాకా లెక్కిస్తారు. ఐసీయూలో ఎలాగూ చేసే పరీక్షలే ఇవన్నీ.

ఐసీయూలో రోజులు పెరిగింది జబ్బు వల్లా, ఆస్పత్రి లోపం వల్లా అన్నది తేల్చడానికే ఈ లెక్క కావాలి. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు తాగిన రైతునే తీసుకోండి. తొలి గండం గడిచినా, ఒకటి నుంచి నాలుగు రోజుల్లోగా ఊపిరి తీసే కండరాలు చచ్చుబడవచ్చు. అప్పుడు వెంటిలేటర్ మీద రోజులు పెరగడం విషం చేసిన పని. అదే రోగికి ఐసీయూలోనే న్యుమోనియా సోకితే, పెద్ద సిరలోకి వేసే గొట్టం (సెంట్రల్ లైన్) ద్వారా రక్తంలోకి ఇన్ఫెక్షన్ చేరితే, ఆ అదనపు రోజులకు ఆస్పత్రి సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఇప్పుడు వాటికీ రోగే డబ్బు కడుతున్నాడు!

ఇవి తప్పించలేనివేమీ కావు. చేతులు కడుక్కోవడం, క్లోరెక్సిడిన్‌తో చర్మం శుభ్రం చేయడం, అక్కర తీరిన లైన్ తీసేయడం వంటి అయిదు పనులు తప్పక చేసిన మిషిగన్ ఐసీయూల్లో ఏడాదిన్నరలో లైన్ ఇన్ఫెక్షన్లు మూడింట రెండు వంతుల దాకా తగ్గాయని 2006లో వెల్లడైంది. వెంటిలేటర్ రోగులకు మత్తుమందు రోజూ కాసేపు ఆపి మెలకువ తెప్పిస్తే ఐసీయూ వాసం సుమారు 10 రోజుల నుంచి ఆరున్నరకు దిగిందని 2000లో చికాగో వైద్యులు చూపారు. వీటికి కొత్త యంత్రం అక్కర్లేదు, నిఘా పెట్టే నర్సులు సరిపడా ఉండాలి. మన ఆస్పత్రులు పొదుపు చేసేది సరిగ్గా అక్కడే.

ఐసీయూలో ఎవరిని చేర్చాలి, ఎప్పుడు పంపాలి అన్నదానిపై కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. సలహాలతో పని జరగదు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ నిధులిచ్చేది ప్రభుత్వాలే కనుక షరతు పెట్టే హక్కూ వాటిదే. తొలిరోజు స్కోరు, వెంటిలేటర్ రోజులు, ఐసీయూలో సోకిన ఇన్ఫెక్షన్లు నమోదు చేయని క్లెయిమ్‌కు చెల్లింపు ఉండకూడదు. ఆ వివరాల ప్రతి కుటుంబానికీ ఇవ్వాలి.

లెక్కలు బయటపెడితే ఆస్పత్రులు కష్టమైన కేసులను తిప్పి పంపుతాయన్న వాదన నిలవదు. తీవ్రతను చూడకుండా మరణాలు మాత్రమే లెక్కిస్తేనే ఆ ముప్పు. చివరి గంటలో వచ్చిపడే రోగులను కాదనలేని గాంధీ, కేజీహెచ్ వంటి పెద్దాస్పత్రులకు స్కోరే రక్ష. ఇక స్కోరు పెంచి రాసే కక్కుర్తి ఎలాగూ పుడుతుంది. ల్యాబ్ రిపోర్టులతో సరిచూసి, దొరికిన ఆస్పత్రిని పథకం జాబితా నుంచి తీసేయాలి.