రైలింజనుపై స్త్రీలు

సతారా జిల్లా రైతుబిడ్డ శ్రీమతి సురేఖా యాదవుగారు కరాడునందు విద్యుచ్ఛాస్త్రమున డిప్లమా పొంది, రైల్వే శిక్షణాలయమున పని నేర్చి, 1989లో సహాయక డ్రైవరైరి. మన దేశమున రైలింజను నడపిన ప్రథమస్త్రీ యామెయే. 2011లో దక్కన్ క్వీనును, 2023లో షోలాపురమునుండి ముంబయికి వందే భారతును నడపి, 2025లో ఉద్యోగవిరమణ మొందిరి. ఈ పని స్త్రీలకు తగదనువారికి ఇంతకుమించిన ప్రత్యుత్తర మక్కఱలేదు.

అయినను ఒక్కరిని పొగడి యూరకుండుట పాడిగాదు. అనేక ఇంజనులలో నేటికిని మరుగుదొడ్డి లేదు. గంటలకొలది పనిచేయు స్త్రీలు నీరు త్రాగుటకే వెఱచుచున్నారు. పురుషులకును ఈ బాధ గలదు. తలుపు తెఱచి, లోపల నిలువ వీలు కల్పింపకుండుట సమానత్వము గాదు. తల్లిదండ్రులు తమ కుమార్తెలను నిస్సంశయముగా ఈ శిక్షణకు పంపవలెనన్నచో, రైల్వేవా రీ లోపమును సత్వరము సవరింపవలెనని మేము కోరుచున్నాము.