జూలీకి బిస్కెట్టు ఎవరు వేశారు?

ఇబ్రహీంపట్నం నుంచి ఒక గృహిణి వ్రాసిన ఉత్తరం ఈ వారం మిగతా ఉత్తరాలన్నిటినీ వెనక్కి నెట్టింది. ఆవిడ పేరు వెయ్యవద్దన్నారు, వెయ్యడం లేదు. వాళ్ళింట్లో జూలీ అనే లాబ్రడార్ కుక్క ఉంది. ఆడది, ఆరేళ్ళది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా అయింది. 30 కిలోలు ఉండవలసింది 38 కిలోలు తూగుతోంది. ఈమధ్య మెట్లెక్కలేక క్రిందనే కూలబడుతోందట. పశువైద్యుడు చూసి, మోకీళ్ళు అరుగుతున్నాయి, ముందు ఒళ్ళు తగ్గించండి అన్నారట. ఆవిడ చిరుతిళ్ళు మానిపించబోయారు. ఇంట్లో రభస! ఎందుకంటే పొద్దున్నా సాయంత్రం టీ త్రాగుతూ జూలీకి నాలుగేసి బిస్కెట్లు వెయ్యడం మామగారి అలవాటు. అత్తగారు పోయి రెండేళ్ళయింది. “ఈ ఇంట్లో నా కోసం ఎదురుచూసేది అదొక్కటే, దాన్నీ దూరం చేస్తారా?” అన్నారట ఆ పెద్దాయన. ఆవిడకు నోట మాట రాలేదు. ఏం చెయ్యమంటారు అని ప్రశ్న.

ఈ చిక్కు సగం కుక్కది, సగం మనుషులది. ముందు కుక్క సంగతి చూద్దాం.

ఇబ్రహీంపట్నం అనగానే పెద్ద చెరువు గుర్తొస్తుంది. 1550 నుంచి 1580 వరకు గోలకొండ ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా పేరే ఆ ఊరికి. అటువంటి ఊళ్ళో కుక్క ఒకప్పుడెలా బ్రతికేది? మిగిలిన జొన్నరొట్టె ముక్కో, గంజిలో నాలుగు మెతుకులో తినేది. గొర్రెల వెంటా, బండి వెంటా రోజంతా తిరిగేది. ఎంత పెట్టినా ఒంటికి పట్టేది కాదు. ఇప్పుడో, సాగర్ రోడ్డు పొడుగునా, ఆదిభట్ల దాకా కాలనీలు లేచాయి. కుక్క లోకం గేటు నుంచి సోఫా దాకా. పెట్టే చెయ్యి అదే, ప్రేమా అదే. కుక్క కాళ్ళు మాత్రం ఆగిపోయాయి.

పైగా లాబ్రడార్ జాతికి ఆకలి పుట్టుకతోనే ఎక్కువ. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు 2016లో ఒక విషయం కనిపెట్టారు. ఈ జాతిలో దాదాపు నాలుగింట ఒక కుక్కకు ఒక జన్యువులో చిన్న ముక్క లోపించి ఉంటుంది. కడుపు నిండిందన్న కబురు వాటి మెదడుకు సరిగా అందదు. దానికి తోడు ఆపరేషన్ అయిన కుక్కకు ఒంట్లో ఖర్చు తగ్గుతుంది, ఆకలి మాత్రం తగ్గదు. అంచేత జూలీ అలా దీనంగా చూస్తున్నదంటే పస్తున్నదని అర్థం కాదు. ఆ చూపుకు లొంగని మనిషిని నేనింతవరకు చూడలేదు, అది వేరే సంగతి!

ఇక లెక్క. 30 కిలోలుండవలసిన ఇంటి కుక్కకు రోజుకు సుమారు 1,300 కేలరీలు చాలు. అందులో చిరుతిళ్ళు పదోవంతు మించకూడదని పశువైద్యుల మాట, అంటే 130. గ్లూకోజు బిస్కెట్లు 100 గ్రాములకు సుమారు 450 కేలరీలు. మామగారి ఎనిమిది బిస్కెట్లు 40 గ్రాములు తూగితే అక్కడికే 180. ఉత్తరంలోనే ఉంది, పనిమనిషి తన చపాతీలో ఒకటి పెడుతుందని. అది ఓ 120. పిల్లలు కంచంలో వదిలిన అన్నం గుప్పెడు గుప్పెడు చొప్పున 150 గ్రాములైతే 195. దానిమీద “బొచ్చు మెరవాలని” ఈవిడ స్వయంగా వేసే చెంచాడు నెయ్యి 45. మొత్తం 540! ఇదంతా గిన్నెడు తిండి కాక. చూశారా, మామగారి వాటా ఇందులో మూడోవంతే. ఎవరికి వారు “నేను పెట్టింది ఏపాటి?” అనుకుంటారు. కడుపు మాత్రం ఒక్కటే కదా.

మీ ఇంటి కుక్క సంగతి తెలుసుకోవాలంటే త్రాసు అక్కరలేదు. ప్రక్కటెముకల మీద వేళ్ళు ఆనించి చూడండి. పిడికిలి బిగిస్తే పైన కణుపులు గట్టిగా తగులుతాయే, ఎముకలు అలా తగిలితే కుక్క చిక్కింది. చెయ్యి చాపి వెనకవైపు తడిమినట్టు పల్చగా తగిలితే సరిగా ఉంది. అరచేతిలో వేళ్ళ మొదళ్ళు నొక్కినట్టు మెత్తగా, వెతుక్కోవలసి వస్తే ఒళ్ళు చేసింది. పైనుంచి చూస్తే నడుము సన్నగా కనబడాలి.

బొద్దుగా ఉంటే ముద్దే కదా అంటారా? అమెరికాలో 48 లాబ్రడార్ కుక్కలను జతలుగా విడదీసి, ప్రతి జతలో ఒకదానికి పావువంతు తిండి తగ్గించి, వాటి జీవితాంతం చూశారు. 2002లో వెలువడిన ఫలితం ఇది: తక్కువ తిన్నవి సుమారు 13 ఏళ్ళు, కడుపారా తిన్నవి 11 చిల్లర. దాదాపు రెండేళ్ళ తేడా. కీళ్ళ నొప్పులు కూడా తక్కువ తిన్నవాటికి ఆలస్యంగా వచ్చాయి. మామగారికి ఈ ఒక్క సంగతి నెమ్మదిగా చెప్పండి. నేరం మోపినట్టు కాదు, కబురు చెప్పినట్టు.

భారతం ఆదిపర్వంలో సరమ కథ ఉంది. యజ్ఞం దగ్గరికి వచ్చిందని, ఏమీ ముట్టని కుక్కపిల్లను జనమేజయుడి తమ్ముళ్ళు కొట్టారు, దాని తల్లి వచ్చి నిలదీసింది. ఆ సరమ ఈనాడు వస్తే కొట్టినందుకు కాదు, పెట్టినందుకు నిలదీసేదేమో!

ఇక మనుషుల సంగతి. అమ్మా, మామగారి చేతిలోంచి బిస్కెట్టు లాక్కోకండి. తక్కినవాళ్ళందరి చేతుల్లోంచీ లాక్కోండి. పొద్దున్నే ఒక డబ్బాలో జూలీ చిరుతిళ్ళన్నీ కొలిచి పోసి ఆయన చేతికివ్వండి. ఇంట్లో జూలీకి పెట్టే అధికారం ఆయన ఒక్కరిదే అని పిల్లలకూ పనిమనిషికీ చెప్పండి. డబ్బాలో రెండు బిస్కెట్లు, ఒక్కొక్కటి ఎనిమిది ముక్కలుగా విరిచి. మిగతావి కీరదోస చక్రాలు, క్యారెట్టు ముక్కలు, ఉప్పు లేకుండా ఉడికించిన బీన్సు. కుక్క ముక్క సైజు కొలవదు, ఎన్నిసార్లు పెట్టారన్నదే దానికి లెక్క. అప్పుడు ఆయనకు ఎనిమిది సార్లకు బదులు ఇరవై సార్లు దక్కుతుంది. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు సరి.

కొన్ని అసలే పెట్టకూడదు. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను పాడుచేస్తాయి. పాయసం గిన్నె నాకించేవారు జ్ఞాపకముంచుకోండి. ఉల్లి, వెల్లుల్లి రక్తకణాలను విరగ్గొడతాయి కనుక కూర పులుసు, బిరియానీ వద్దు. చాక్లెట్టు విషం. ఉడికిన ఎముక పేళ్ళుగా చీలి పేగులో గుచ్చుకుంటుంది. వేసవిలో మామిడి టెంక మింగి పేగు మూసుకుపోయిన కుక్కలు ఆస్పత్రులకు కొత్త కాదు.

తగ్గించడంలో తొందర వద్దు. వారానికి నూటికి ఒక పాలు, మహా అయితే రెండు. జూలీకి 400 నుంచి 750 గ్రాములు. ఎనిమిది కిలోలు తగ్గాలంటే మూడు నుంచి అయిదు నెలలు. గిన్నెలో తిండి ఎంత తగ్గించాలో వైద్యుణ్ణి అడిగి, రోజూ ఒకే కొలగ్లాసుతో పెట్టండి. చిన్న కుక్కలైతే ఎత్తుకుని త్రాసెక్కి, మన బరువు తీసెయ్యవచ్చు. జూలీని ఎత్తితే నడుం పట్టేస్తుంది, ఆస్పత్రి త్రాసే మేలు. మోకీలు నొప్పి కనుక పరుగులు వద్దు. తెల్లవారుజామున, పొద్దు గూకాక, నేల చల్లబడ్డాక పది పదిహేను నిమిషాల నడక చాలు. మామగారికి ఓపికుంటే ఆయనే తీసుకువెళ్ళవచ్చు.

ఇంత చేసినా రెండు నెలల్లో ముల్లు కదలకపోతే థైరాయిడ్ పరీక్ష చేయించండి. ఆ గ్రంథి మందగించిన కుక్కలు తినకపోయినా ఒళ్ళు చేస్తాయి. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల మీ జిల్లాలోనే ఉంది.