మాంటిసోరి బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు!

"మావాడు చూసి నేర్చుకునే రకంట్రా, ఏదో పరీక్ష పెట్టి చెప్పారు. మరి ఏ మాంటిసోరిలో వెయ్యమంటావ్?" అని అమలాపురం నుంచి మా అక్క ఫోను. వాడికింకా మూడేళ్ళే!

అసలీ రకాల గోలేంటండీ? పాష్లర్, మరో ముగ్గురు సైకాలజిస్టులు 2008లోనే ఉన్న పరిశోధనలన్నీ తిరగేసి, పిల్లాడి "లెర్నింగ్ స్టైలు"ని బట్టి పాఠం చెబితే బాగా వస్తుందనడానికి సరైన ఆధారం లేదని తేల్చేశారు. అయినా మనం జాతకాలు కలిపినట్టు బడినీ పిల్లాణ్ణీ కలుపుతూనే ఉన్నాం. పైగా మాంటిసోరిలో గరుకు కాగితం అక్షరాన్ని కంటితో చూస్తూ, వేలితో దిద్దుతూ, నోటితో పలుకుతారు. ఇందులో "చూసే రకం" ఎక్కడ, "వినే రకం" ఎక్కడ?

అడగాల్సింది పిల్లాడి రకం గురించి కాదు, బడి రకం గురించి. మరియా మాంటిసోరి 1907లో రోములో మొదటి బడి పెట్టింది. 1939లో మద్రాసు అడయారు వచ్చి మన టీచర్లకి స్వయంగా శిక్షణ ఇచ్చింది. కానీ ఆ పేరుకి తాళం లేదు. మా భాషలో చెప్పాలంటే, కోడు ఒక్క లైనైనా వాడకుండా పేరు మాత్రం వాడేసుకోవచ్చు.

అక్కతో ఒక బడి చూడ్డానికి వెళ్ళాను (పేరెందుకు లెండి). గులాబీ దిమ్మల టవరు అద్దాల బీరువాలో ఉంది, తాళం వేసి! పిల్లలు ముట్టుకుంటే పాడవుతాయట. ఫీజు మాత్రం ఆ బీరువా చూపించే వసూలు చేస్తున్నారు.

కాబట్టి రాజోలైనా కొత్తపేటైనా, ఫీజు కట్టేముందు ఓ పూట క్లాసులో కూర్చుంటామని అడగండి. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు ఒకే గదిలో ఉన్నారా? తమ పని తామే ఎంచుకుంటున్నారా? మూడు గంటలు ఎవరూ కదపకుండా వదిలేస్తున్నారా? టీచరు ఎక్కడ శిక్షణ తీసుకున్నారు? నలభై నిమిషాలకోసారి గంట కొట్టి, మూడేళ్ళవాడికి హోంవర్కు ఇస్తే అక్కడున్నది బోర్డే.

"ఆటలాడిస్తే ఒకటో క్లాసులో వెనకబడిపోడూ?" అంటారు. అమెరికాలోని మిల్వాకీలో, లాటరీలో మాంటిసోరి సీటు వచ్చిన పిల్లల్నీ రానివాళ్ళనీ పోల్చి చూశారు. 2006లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఐదేళ్ళకి చదువులోనూ లెక్కల్లోనూ సీటు వచ్చినవాళ్ళే ముందున్నారు. అయితే అది పద్ధతి పాటించిన బడి సంగతి, బీరువాకి తాళం వేసిన బడిది కాదు.

అలాంటిది దగ్గర్లో లేదా? అప్పు చేసి మరీ బోర్డు కొనక్కర్లేదు. చిక్కుడుకాయలు ఒలవడం, చెంబుతో నీళ్ళు ఒలక్కుండా పొయ్యడం, పెరట్లో కొబ్బరికాయలు లెక్కెట్టడం... మాంటిసోరి పిల్లల చేత చేయించమన్నవి ఇలాంటి పనులే. మనమేమో "నువ్వు ముట్టుకోకు, పాడుచేస్తావ్" అని లాగేసుకుని, అవే పనులకి ఏటా వేలకి వేలు కడుతున్నాం!