దినచర్యయు దైవసమర్పణమును

క్రైస్తవ సభలలో సమర్పణమను మాట తరచుగా వినబడుచుండును. ప్రసంగము ముగియుసరికి బోధకుడు, తమ జీవితమును ప్రభువున కర్పింపగోరువారు లేచి నిలువుడని పిలుచును. కొందరు కన్నీటితో లేచి నిలుతురు. ఆ కన్నీరు కపటమని మేమనము. అట్టి గడియలలో దేవుడు అనేకులను తన పనికి పిలిచియున్నాడు. అయినను సభ ఆదివారము సాయంకాలమున ముగియును. సోమవారము ప్రాతఃకాలమున బడిగంట మ్రోగును, అంగడి తెరవబడును, పొయ్యి రాజును. నిన్న అర్పింపబడిన హృదయము నేడు ఎవరి యధీనమున నున్నది? ఈ ప్రశ్ననుగూర్చియే యిచ్చట కొంత విచారింప దలచితిమి.

మొదటిది, సమర్పణము పాదిరులకును, బైబిలు స్త్రీలకును మాత్రమే చెందినదని మన సంఘములలో ననేకుల తలంపు. గుమాస్తా, రైతు, కంసాలి, వంటవాడు ఆదివారమున కానుక వేసిన చాలుననియు, తక్కిన ఆరు దినములు వారి సొంతమనియు భావింతురు. మన ప్రభువు ప్రసంగింప నారంభించునప్పటికి సుమారు 30 ఏండ్లవాడు. అంతకు పూర్వము నజరేతువా రాయనను వడ్లవానిగానే యెరుగుదురు. బాడిసతోను, ఉలితోను గడచిన ఆ సంవత్సరములు తండ్రికి సమర్పితములు కావని చెప్ప నెవరు సాహసింతురు? యొప్పేలోని దొర్కా ప్రసంగము చేసినట్లు వ్రాయబడలేదు. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు పేతురునకు చూపినవి ఆమె కుట్టిన అంగీలు మాత్రమే. ఆ కుట్లే ఆమె సాక్ష్యము.

పదునేడవ శతాబ్దమున పారిసు నగరమందలి కార్మెలు మఠమున లారెన్సు అను సహోదరుడుండెను. అతడు పూర్వము సైనికుడు, పండితుడు కాడు. వంటయింటిపని అతనికి సహజముగా నిష్టము లేనిది. అదియే యతనికి లభించెను. అనేక సంవత్సరము లాతడు పాత్రలనడుమ నిలిచి, చేయు ప్రతి చిన్నపనిని దేవునిపై ప్రేమచేత చేయుట నభ్యసించెను. పిమ్మట చెప్పులు బాగుచేయు పనియందును అట్లే యుండెను. అతడు 1691లో మరణించినను, అతని సంభాషణలును జాబులును నేటికిని చదువబడుచున్నవి. తోలుపనిని హీనమని యెంచు దేశమున ఈ సంగతి విశేషముగా జ్ఞాపకముంచుకొనదగినది.

మన తెలుగుదేశమునను దృష్టాంతము లేకపోలేదు. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమున ఘోరమైన కరవు వచ్చినప్పుడు, ఒంగోలులోని మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో సుమారు 3½ మైళ్ల భాగమును త్రవ్వించు కంట్రాక్టును తీసికొనిరి. ఆయన మిషనరీ కాకపూర్వము భూమి కొలుచు పని నేర్చినవారు. నాటి విద్య నేడు ఆకలిగొన్నవారికి కూలియై, అన్నమై యుపయోగించెను. ఆయన బోధకులే పనివాండ్రపై మేస్త్రీలుగా నుండిరి. కరవు సహాయము జరుగుచున్నంతకాలము బాప్తిస్మ మడిగినవారికి ఆయన బాప్తిస్మ మీయలేదు. కూటికొరకు మతములో చేరిరన్న మాట రాకూడదని తలచిరి. సహాయము ముగిసినపిమ్మట 1878 జూలై 3వ తేదీని గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్యను మనవారు గర్వముతో చెప్పుకొందురు. దానికి ముందున్న పారపనియు, కొలతయు, ఓపికయు మా దృష్టికి అంతకంటె తక్కువవి కావు.

రెండవది, దేవునికి సమర్పించితిమన్న నెపమున సోమరులగుట. నారు పోసినవాడు నీరు పోయడా యని పెద్ద లందురు. నిజమే, కాని ఆ మాట నమ్మిన రైతు తెల్లవారకముందే లేచి గట్టు వేయుచునే యున్నాడు. సంవత్సరమంతయు పుస్తకము ముట్టక, పరీక్షనాడు మోకాళ్లూను విద్యార్థి తన పనిని దేవునికి అప్పగించుట లేదు, తన బద్ధకమును అప్పగించుచున్నాడు. కష్టపడి చదివి, ఫలితమునుగూర్చిన భయమును దేవుని చేతిలో నుంచుటయే సమర్పణము.

మూడవది యన్నిటికంటె కఠినము. అననీయయు సప్పీరాయు పొలము అమ్మి వెలలో కొంత దాచుకొని, అంతయు తెచ్చితిమని చూపిరి. మనము దాచుకొనునది ఏది? సర్వమును అర్పించితిమని గుడిలో పాడుదుము. కుమారునికి సంబంధము వెదకునప్పుడు కులమెంచుదుము, కట్నము బేరమాడుదుము. ఒకే పాత్రలోని ప్రభురాత్రి భోజనమును పుచ్చుకొందుము; ఇంటికి వచ్చి ఎవరి గడపలో నీరు త్రాగవచ్చునో లెక్కింతుము. ఆ దాచుకొన్న భాగము మన చేతిలో నున్నంతకాలము తక్కిన యర్పణమునకు విలువ యెంత? ఈ విషయమున విద్యార్థులకంటె తలిదండ్రులే ముందుగా జవాబుదారులని మా యభిప్రాయము.

మరి సామాన్యుడు ఎట్లు ఆరంభింపవలెను? ఇందుకు మన తల్లులు నేర్పు పాఠమే చాలును. అనేక గ్రామసంఘములలో స్త్రీలు అన్నము వండబోవు ప్రతిసారి, బియ్యము కడుగకముందే ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేసి, ఆదివారమున దేవునికి తెచ్చు నాచారము కలదు. అది మిగిలినది కాదు, ముందుగా తీసినది. చూచువారు లేరు. చాలీచాలని యింటిలోను ఆ పిడికెడు మానరు. జీవితమంతయు ఒక్క సభలో నర్పించుట సులభముగా తోచవచ్చును. పూటకొక పిడికెడు తీయుటయే కష్టము.

విద్యార్థులారా, మీకును కుండలున్నవి. పరీక్షలో ప్రక్కవాని కాగితముమీదికి పోని చూపు ఒక పిడికెడు. వసతిగృహమున అన్నము వడ్డించువానిని, దొడ్డి ఊడ్చువానిని మర్యాదతో పిలుచుట ఒక పిడికెడు. అంగడివాడు పొరపాటున ఎక్కువ యిచ్చిన చిల్లరను తిరిగి యిచ్చుట ఒక పిడికెడు. పాఠశాల విడిచి ఉద్యోగములకు పోయినప్పుడు లంచము ముట్టని చేయియు, వివాహకాలమున కట్నము వద్దను నోరును ఈ చిన్న పిడికెళ్లలోనుండియే పుట్టవలెను. ఇప్పుడు తీయ నేర్వనివాడు అప్పుడు తీయజాలడు. కావున మరియొక సభకై వేచియుండక, ఈ పూటనుండియే ఆరంభింపుడు.