కొట్టాడు సరే, ఎట్లా కొట్టాడు?

తెలుగులోకి వస్తున్న అనువాద కథల్లో ఎవరూ ఎవర్నీ సరిగ్గా కొట్టడం లేదు. ఇదీ నా ఫిర్యాదు. తాగుబోతులు కొట్టుకుంటారు, తల్లి పిల్లాణ్ణి కొడుతుంది, పోలీసు ఖైదీని కొడతాడు, వాన కిటికీని కొడుతుంది, అతిథి తలుపు కొడతాడు. అన్నిటికీ ఒకటే క్రియ. ఇంగ్లీషు పుస్తకం తీసి చూస్తే అక్కడ హిట్, స్ట్రైక్, స్లాప్, పంచ్, థంప్, నాక్, బీట్ అని వేరువేరుగా ఉంటాయి. అనువాదకుడు అన్నిటినీ ఒకే మూటలో కట్టి మన ముందు పడేస్తాడు. ఈ పని నచ్చని వాళ్ళు ఇంకో దారి పడతారు: ముష్టిఘాతం, ప్రహారం, దాడి, భౌతిక హింస. ముష్టిఘాతం తిన్నవాడికి నొప్పి పుట్టదు. పౌరాణిక నాటకంలో అట్టగదల యుద్ధం చూసినట్టు ఉంటుంది.

మాది హిందూపురం. తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే వీధిలో వినపడే ఊరు. ‘ఏటు’ అనే మాట మా దగ్గర తెలుగూ అవుతుంది, కన్నడమూ అవుతుంది, తగిలేది మాత్రం ఒకే చోట. ఆ వీధుల్లో ఏ పిల్లాడైనా ఏడుస్తూ ఇంటికి వచ్చి ‘అన్న కొట్టినాడు’ అని ఊరుకోడు. ‘మొట్టినాడు’ అంటాడు, ‘గుద్దినాడు’ అంటాడు, ‘కాల్తో తన్నినాడు’ అంటాడు. అన్నకు పడబోయే శిక్ష ఆ క్రియ మీద ఆధారపడి ఉందని వాడికి తెలుసు. అయిదేళ్ళ పిల్లాడికి ఉన్న ఈ జ్ఞానం అనువాద కథలు వేసే పత్రికల్లో కొరవడింది.

ఒక స్పానిష్ కథ తెలుగు చేసి ఒక పత్రికకు పంపాను. అందులో భార్య భర్తను కొడుతుంది, పిడికిళ్ళు బిగించి, వీపు మీద, ఏడుస్తూ. ‘దబదబా నాలుగు గుద్దులు గుద్దింది’ అని రాశాను. అచ్చులో ‘అతని వీపుపై పలుమార్లు కొట్టింది’ అని వచ్చింది. అడిగితే, ‘గుద్దడం గ్రామ్యమండీ, పైగా మీ వైపు మాండలికం. అందరికీ అర్థం కావాలి గదా’ అన్నారు. గుద్దు, బాదు, మోదు, తన్ను, చరచు, మొట్టు, దంచు – ఇవేవీ సీమ సొత్తు కాదు. బ్రౌన్ నిఘంటువు తిరగేస్తే చాలు. ఆ బ్రౌన్ కడపలో పండితుల్ని కూర్చోబెట్టుకుని పనిచేసినవాడు కాబట్టి, ఆయన కూడా మా వైపు మనిషే, సాక్ష్యం చెల్లదు అంటే ఇంక నేను చెప్పేదేమీ లేదు.

తలుపు సంగతి తీసుకోండి. ఇంగ్లీషులో ‘హీ నాక్డ్’ అని కనపడితే చాలు, తెలుగులో కళ్ళు మూసుకుని పడే వాక్యం ‘అతను తలుపు తట్టాడు’. తట్టడం మెత్తని పని. భుజం తడతాం, బిడ్డ వీపు తడతాం, పిడకలు తడతాం. తలుపు తట్టేవాడికి లోపలివాళ్ళు తీస్తారన్న నమ్మకం ఉంటుంది. కొట్టేవాడు తొందరలో ఉన్నవాడు. బాదేవాడు, తీయకపోతే విరగ్గొట్టుకుని వచ్చేవాడు. ‘మాక్బెత్’ రెండో అంకంలో రాజు హత్య జరిగాక కోట తలుపు మీద మోగే చప్పుడు గురించి డి క్విన్సీ 1823లో ఒక వ్యాసమే రాశాడు. హత్యతో ఆగిపోయిన మామూలు లోకం ఆ చప్పుడుతో మళ్ళీ కదులుతుందని ఆయన వాదన. అక్కడ ‘ఎవరో తలుపు తడుతున్నారు’ అని రాస్తే లోకం సంగతి దేవుడెరుగు, వాకిట్లో పడుకున్న పిల్లి కూడా కదలదు. పెనుకొండ కోట వాకిలి కింద ఒక్కసారి నిలబడినవాళ్ళెవరికీ దాన్ని తట్టొచ్చు అనిపించదు. అట్లాంటి తలుపును బాదాలి, మోదాలి.

స్పానిష్ వాళ్ళ పద్ధతి వేరు. వాళ్ళు తలుపు దగ్గర ‘యమార్’ చేస్తారు. యమార్ అంటే పిలవడం. మా పల్లెల్లోనూ అంతే. పగలు తలుపులు తీసే ఉంటాయి, వచ్చినవాళ్ళు వాకిట్లో నిలబడి ‘అక్కా, ఉండావా?’ అని కేకేస్తారు. తలుపును ముట్టరు. కాబట్టి ఇంగ్లీషు పుస్తకంలో నాక్ అని ఉన్నంత మాత్రాన స్నేహితుడి చేత తలుపు తట్టించక్కర్లేదు, ‘వాకిట్లోంచి పిలిచాడు’ అంటే ఆ స్నేహం తెలుస్తుంది. అప్పుడు అర్ధరాత్రి పోలీసులు వచ్చినప్పటి చప్పుడుకు విలువ ఉంటుంది. ‘పట్టుదలగా తలుపు తట్టారు’ అన్న వాక్యం నేను అచ్చులో చదివాను. ‘ఇన్సిస్టెంట్లీ’కి నిఘంటువులో దొరికిన అర్థం అది. పట్టుదల గ్రూప్ వన్ రాసేవాళ్ళకు ఉండాలి. అర్ధరాత్రి పోలీసులు దబదబా బాదుతారు.

పోలీసుల దాకా వచ్చాం కాబట్టి ‘గోల్పె’ దగ్గర ఆగాలి. ఈ వ్యాసం రాయడానికి కారణమే ఆ మాట. స్పానిష్‌లో గోల్పె అంటే దెబ్బ. వడదెబ్బను వాళ్ళు గోల్పె దె కలోర్ అంటారు, అక్షరాలా వేడి దెబ్బ. అనంతపురం ఎండలో తిరిగిన ఎవరికీ ఆ మాట విప్పి చెప్పక్కర్లేదు. పెరూ కవి సెసార్ వయేహో మొదటి పుస్తకంలో మొదటి కవిత ఈ మాట మీదే నిలబడి ఉంటుంది. దానికి ఆఘాతాలు, అభిఘాతాలు ఎందుకు? పంట పోయినవాడు, మగ్గం ఆగినవాడు, బిడ్డ పోయినవాడు, అందరూ మనకు ‘దెబ్బ తిన్నాడు’. కవిత్వానికి ఆ మాట చాలదా?

రాజ్యాన్ని కొట్టే దెబ్బ గోల్పె దె ఎస్తాదో. చిలీ కథల్లో ఉత్త ‘గోల్పె’ అంటే చాలు, 1973 సెప్టెంబర్ 11 అని అర్థం. ఆ రోజు సైన్యం అధ్యక్ష భవనం మీద బాంబులు వేసింది, అయెందే చనిపోయాడు, పినోచే గద్దెనెక్కాడు. పన్నెండు రోజులకు నెరూదా పోయాడు. మన తెలుగులో దీన్ని ఏమంటున్నాం? ‘సైనిక తిరుగుబాటు’ అంటున్నాం. రంపా తిరుగుబాటు, శ్రీకాకుళం తిరుగుబాటు, సిపాయిల తిరుగుబాటు – మన భాషలో తిరగబడేవాడు అణగదొక్కబడ్డవాడు. ఆ మాటకు అల్లూరి సీతారామరాజు ముఖం ఉంది. దాన్ని తీసుకెళ్ళి పినోచేకి తగిలిస్తే చదివేవాడి మనసులో ఎవరు ఎవరు అవుతారు? ‘కుట్ర’ అన్నవాళ్ళు కొంత నయం. కానీ కుట్ర గదిలో జరుగుతుంది, గోల్పె వీధిలో జరుగుతుంది. చప్పుడు ఉంటుంది.

మాట లేక కాదు. హిందూపురం ఓటర్లకు ఆ మాట తెలుసు. 1985, 1989, 1994 ఎన్నికల్లో ఎన్టీ రామారావును గెలిపించింది ఈ ఊరే. 1995 ఆగస్టులో ఆయన పదవి పోయినప్పుడు మా శాసనసభ్యుడి పదవే పోయింది. ఒక పక్షం దాన్ని వెన్నుపోటు అంది, రెండో పక్షం పార్టీని కాపాడుకోవడం అంది. వాళ్ళలో ఎవరిది న్యాయమన్నది ఇక్కడ నాకు పనిలేదు. నాకు కావలసింది ఆ పోటు. అధికారం పోవడాన్ని ఒంటికి తగిలిన దెబ్బగా చెప్పగల మాట మనకు ఉంది. ముప్ఫై ఏళ్ళుగా ప్రతి ఎన్నికల సభలోనూ వాడుతున్నాం. చిలీ కథ రాగానే తిరుగుబాటు కోసం వెతుక్కుంటాం. నేనైతే ‘సైన్యం పోటు’ అనే రాస్తాను. తిరుమల లడ్డూల పోటు గుర్తొస్తే రానివ్వండి, వాక్యంలో సైన్యం ఉంది గదా.

అసలు దెబ్బల విషయంలో తెలుగు ఇంగ్లీషు కంటే స్పానిష్‌కు దగ్గర. వాళ్ళకు ‘ఆసో’ అని ఒక తోక ఉంది. దేని తర్వాత అది తగిలిస్తే దానితో కొట్టిన దెబ్బ అవుతుంది. చెప్పుకు తగిలిస్తే సపతాసో, మోచేతికి కొదాసో, గొడ్డలికి ఆచాసో. మనకు దెబ్బ, పెట్టు, పోటు, వేటు ఉన్నాయి: చెప్పుదెబ్బ, మోచేతి పోటు, గొడ్డలిపెట్టు. ఒక్కొక్కటి ఒక్కొక్క మాట. ఇంగ్లీషు దీన్ని ‘బ్లో విత్ యాన్ యాక్స్’ అని నాలుగు ముక్కలు చేస్తుంది. మనం ఆ నాలుగు ముక్కల్ని నమ్మకంగా తెచ్చుకుని ‘గొడ్డలితో ఒక దెబ్బ కొట్టాడు’ అని రాసుకుంటాం. పెగార్ అనే క్రియకు అంటించడం అనీ అర్థం, కొట్టడం అనీ అర్థం. ఇంగ్లీషు చదువుకున్నవాళ్ళు దీన్ని వింతగా చెప్పుకుంటారు. చొక్కా వంకెకు తగిలించేదీ, చెంప మీద రెండు తగిలించేదీ మనకూ ఒకే క్రియ. వింతేముంది?

ఒక్క చోట మాత్రం స్పానిష్ చేతులెత్తేస్తుంది. ‘తోకార్’ అంటే తాకడం, తలుపు కొట్టడం, గంట కొట్టడం, పియానో వాయించడం, డప్పు కొట్టడం, అన్నీ. తెలుగులో వీణ వాయిస్తారు, మృదంగం వాయిస్తారు, తప్పెట దగ్గరికొచ్చేసరికి కొడతారు. మృదంగమూ తోలే, తప్పెటా తోలే. మృదంగం మీదా పడేది దెబ్బే. తేడా తోలులో లేదు, ఎవరి చేతిలో ఉందన్నదాన్లో ఉంది. లాటిన్ అమెరికా పల్లె పండగలో ఒకడు డప్పు పట్టుకుని ‘తోకార్’ చేస్తుంటే, అనువాదకుడు వాడికి కొట్టడం ఇవ్వాలా వాయించడం ఇవ్వాలా? ఏది ఇచ్చినా కులం కూడా ఇచ్చినట్టే. నేను వాయించాడనే రాస్తాను, లేదా దరువేశాడంటాను. ఇక్కడ ‘వాడుక అదే గదా’ అని కొట్టడాన్ని సమర్థించే పెద్దలు, గుద్దు దగ్గర వాడుకను గ్రామ్యమని కొట్టేసినవాళ్ళేనని గమనించాలి.

ఇంగ్లీషు వాక్యం కట్టుబడి వల్ల వచ్చే చిక్కు ఇంకొకటి. ‘హీ హిట్ హిజ్ హెడ్ ఆన్ ద డోర్’. వాడికి తలుపు తగిలింది, అంతే. ‘తన తలను తలుపుకేసి కొట్టుకున్నాడు’ అని తెలుగు చేస్తే వాడు ఏదో తీరని దుఃఖంలో ఉన్నాడని పాఠకుడు కంగారు పడతాడు. దీనికి నవ్వుకోవచ్చు. పెనుకొండ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి వార్తలకు నవ్వలేం. ‘లారీ, బైకు ఢీ: ఇద్దరి మృతి’. ఢీ పొట్టేళ్ళ మాట. రెండూ సమానంగా వెనక్కి పోయి, సమానంగా పరిగెత్తుకొచ్చి తలలు మోదుకుంటే అది ఢీ. బైకు లారీని ఢీకొంటుందా? బస్టాండులో పేపరు చదివిన పెద్దమనిషి పక్కవాడికి ఆ వార్త చెప్పేటప్పుడు ‘లారీ వాడు గుద్దేసి పాయప్పా’ అంటాడు. స్పానిష్‌లో రెండు బండ్లు గుద్దుకుంటే చొకార్, బండి మనిషిని పడదోసి తొక్కితే ఆత్రొపెయార్. పేపరు వాక్యంలో లారీ వాడి తప్పు సగమైపోయింది. ఆ సగాన్ని పోయినవాళ్ళ మీద వేశారు.

ఇట్లా సగం చేసేది మన ఇళ్ళలో ఇంకా ఎక్కువ. స్పెయిన్‌లో మిగెల్ లొరెంతె అనే వైద్యుడు 2001లో గృహహింస మీద ఒక పుస్తకం వేశాడు. దాని పేరును తెలుగు చేస్తే ‘మా ఆయన నన్ను మామూలుగానే కొడతాడు’. ఇందులో ఒక్క మాట మార్చక్కర్లేదు. ధర్మవరం మగ్గాల వీధుల్లోనో, హిందూపురంలో చింతపండు కొట్టే ఆడవాళ్ళ మధ్యనో కూర్చుంటే ఆ వాక్యం స్పెయిన్ నుంచి రానక్కర్లేదని తెలుస్తుంది. దీన్ని ‘నా భర్త సాధారణ స్థాయి భౌతిక హింసకు పాల్పడతాడు’ అని రాసే అనువాదకులు మనకు కొదవలేదు. అట్లా మాట్లాడే భార్య భూమ్మీద లేదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత, 2019–21 నాటిది, ఇంగ్లీషులో ‘హిటింగ్ ఆర్ బీటింగ్’ అంటుంది. భర్త భార్యను అట్లా చేయడం ఏదో ఒక కారణానికి సబబేనని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దాదాపు 84 శాతం ఆడవాళ్ళు అన్నారు. ఇంగ్లీషులో రెండు క్రియలు, మన నాలుక మీదికి వచ్చేది ఒకటే, కొట్టడం. టెంకాయ కొట్టేదీ, ఫోను కొట్టేదీ, కన్ను కొట్టేదీ అదే క్రియ. అందుకే దాని కింద ఏదైనా దాగుతుంది. ఆ సంఖ్యను తేలిక చేయడానికి ఈ మాట అనడం లేదు. తేలికైన మాట చాటున బరువైనది దాక్కుంటుందనే అంటున్నాను. అదే సర్వే అనుభవాల దగ్గరికి వచ్చేసరికి ఒక్కొక్కటీ విడదీసి అడుగుతుంది: తోశాడా, చెంప మీద కొట్టాడా, చెయ్యి మెలితిప్పాడా, జుట్టు పట్టి లాగాడా, గుద్దాడా, తన్నాడా, ఈడ్చాడా, గొంతు నులిమాడా. కథలు అనువదించే మనకంటే ఆ ప్రశ్నలు రాసినవాళ్ళకు క్రియల మీద గౌరవం ఎక్కువ.

మా వైపు ఇంకో క్రియ కూడా ఉంది. ‘ఏమ్మా, మీ ఆయన కొడతాడా?’ అని అడిగితే ‘ఛ, అట్లాంటోడు కాదు’ అంటుంది. ‘చెయ్యి చేసుకుంటాడా?’ అంటే, ‘ఎప్పుడన్నా’ అంటుంది. ‘ఎప్పుడన్నా అంటే?’ అని ఇంకో ప్రశ్న వేస్తే చెంగు సర్దుకుని లోపలికి పోతుంది.