తరుగు తీయని లెక్క

గ్రహములు సూర్యుని చుట్టూ ఎందుకు తిరుగుతున్నవని ప్రశ్నాపత్రములో అడిగితే, సూర్యుని ఆకర్షణ వలన అని మన విద్యార్థులు వ్రాస్తారు, మార్కులు వస్తాయి. ఆకర్షణే కారణమైతే గ్రహము సూర్యునిలో పడిపోవలెను గదా అని ఎదురు ప్రశ్నించేవారు అరుదు. తెలుగు చెప్పుకొనే మాకు ఇందులో పనియేమని సైన్సు మిత్రులు నవ్వవచ్చును. మాటల వరకు మాకూ హక్కున్నది. ఉర్దూలో గ్రహమును సయ్యారా అంటారు, అనగా సంచారి. తెలుగులో గ్రహమనగా పట్టుకొనునది. నిజానికి పట్టుకొన్నది సూర్యుడు, పట్టుబడినది గ్రహము!

మన జిల్లాకు బృహస్పతి కొత్తవాడు కాడు. ఆయన సింహరాశిలో ప్రవేశించినప్పుడు గోదావరి పుష్కరములు. 2015లో కందకుర్తి, పోచంపాడు ఘట్టములు జనముతో నిండినవి. పంచాంగపు 12 ఏండ్ల లెక్క, అసలు పరిభ్రమణ కాలమైన 11.86 సంవత్సరములకు ఎంతో దగ్గర. కాని ఎన్నేండ్లకని చెప్పుట వేరు, ఎందుకని చెప్పుట వేరు. మొదటి దాని నుండి రెండవ దానికి మనిషిని చేర్చినది కొలత.

13వ శతాబ్దిలో మరాఘా వేధశాలలో నసీరుద్దీన్ తూసీ పాత గ్రహగణితమును సరిదిద్ద యత్నించాడు. ఆయన కూర్చిన గణితయుక్తి 1543 నాటి కోపర్నికస్ గ్రంథములోనూ కనిపిస్తుంది. ఇద్దరూ వృత్తములను వదలలేదు. వదిలినవాడు కెప్లరు. టైకో బ్రాహి దుర్భిణి లేకుండ కొలిచిన కుజుని స్థానములకు, కెప్లరు వేసిన లెక్కకు 8 కళల తేడా వచ్చింది. డిగ్రీలో 60వ వంతు ఒక కళ; అనగా ఆ తేడా నిండు చంద్రుని వెడల్పులో సుమారు నాలుగవ వంతు. పసుపు తూకములో తరుగు తీసినట్లు ఆయనా తీసివేసి ఊరకుండవచ్చును. తీయలేదు. ఏండ్ల శ్రమను పక్కకు నెట్టి మళ్ళీ మొదలుపెట్టాడు. గ్రహకక్ష్య దీర్ఘవృత్తమని 1609లో ప్రకటించాడు.

కారణము 1687లో న్యూటన్ గ్రంథముతో తేలింది. భూమి సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వేగముతో పక్కకు సాగుతున్నది. సూర్యుడు లాగకుంటే నేరుగా వెళ్ళిపోయేది; ఆ వేగము లేకుంటే సూర్యునిలో కూలేది. రెండూ ఉన్నందున ఎల్లప్పుడూ పడుతూనే ఉన్నది, పక్కకు తప్పుకొంటూనే ఉన్నది.

ఇటువంటి కొలతల ఓపిక మన గడ్డకూ ఉండేది. నవాబ్ జఫర్ జంగ్ 15 అంగుళముల దుర్భిణిని కొని, 1901లో హైదరాబాదు ఫిసల్‌బండలో నిజామియా వేధశాలకు పునాది వేశారు. 1907లో ఆయన మరణించిన పిదప అది ప్రభుత్వ పరమై, బేగంపేటకు మారి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరింది. అక్కడివారు ఏండ్ల తరబడి లక్షల నక్షత్రముల స్థానములు కొలిచారు. కీర్తి తెచ్చే పని కాదది. అయినా గ్రహము కదిలినదని తెలియవలెనంటే చుక్కల చోటు ముందు తెలియవలెను గదా.

కమిటీ పెద్దలకు మా విన్నపము చిన్నది. సిరికొండ వంటి ఊళ్ళ నుండి వచ్చే మన పిల్లలకు పట్నంలో దొరకని చీకటి ఉన్నది. ఒక్కొక్కరికి ఒక నోటుపుస్తకమిచ్చి, కుజుడు ఏ చుక్క దగ్గర ఉన్నాడో వారమునకు రెండుసార్లు గీయించండి. సుమారు 26 నెలలకొకసారి భూమి ఆయనను దాటిపోయే వేళ, కుజుడు ఆగి, వెనుకకు నడిచి, మళ్ళీ ముందుకు సాగుట వారి పుస్తకములోనే కనిపిస్తుంది. దుర్భిణి కొనుగోలు సంగతి ఆ పుస్తకములు చూచిన తరువాత ఆలోచించవచ్చును.